బొమ్మ వీణ పలకాలంటే: గేమ్ బాయ్ కలర్‌కు చేరని రెసిడెంట్ ఈవిల్

2000 మార్చిలో జపాన్ సంస్థ క్యాప్‌కామ్, నింటెండో వారి గేమ్ బాయ్ కలర్ అనే చేతి ఆట యంత్రం కోసం తయారవుతున్న రెసిడెంట్ ఈవిల్ అనే వీడియో ఆటను నిలిపివేసింది. అది పని మొదలుకాని ఆట కాదు. అంతకుముందు ఏడాదే దాన్ని గురించి చెప్పారు, తెర బొమ్మలు కూడా బయటికి వచ్చాయి, బ్రిటన్‌కు చెందిన హాట్‌జెన్ స్టూడియో దాన్ని చాలా దూరం తీసుకువచ్చింది. నిలిపివేతకు సంస్థ చెప్పిన కారణం క్లుప్తమైనది: ఆ ఆట కొనేవారికీ తమకూ తృప్తినిస్తుందన్న నమ్మకం కుదరలేదని. ఈ మాటకు చాలామంది చెప్పుకున్న అర్థం ఒక్కటే, అంత పెద్ద ఆటను అంత చిన్న యంత్రం మోయలేకపోయిందని. ఆ అర్థంలో సగమే నిజం ఉంది. యంత్రం బలహీనత ఎంతో లెక్క కట్టి చూస్తే, మిగతా సగం ఆ యంత్రాన్ని ఏం చేయమని అడిగారన్న దానిలో కనిపిస్తుంది.

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో అసలు గేమ్ బాయ్‌ను చేత పట్టుకున్నవారు అరుదు. ఆ కాలంలో ఇక్కడి పిల్లలకు తెలిసిన చేతి ఆట, పైడితల్లమ్మ పండగ దుకాణాల్లోనో అరసవల్లి రథసప్తమి తిరునాళ్ళలోనో కొనిపించుకున్న బ్రిక్ గేమ్. పైన ‘9999 ఇన్ 1’ అని రాసి ఉండి, లోపల మాత్రం రాలే ఇటుకలను పేర్చే ఆటనే రకరకాల వేగాల్లో చూపే ప్లాస్టిక్ డబ్బా అది. గేమ్ బాయ్ ఆటలు ఇక్కడికి చేరింది చాలా ఆలస్యంగా, పాత యంత్రాన్ని అనుకరించే ఎమ్యులేటర్ అనే అప్లికేషన్ రూపంలో, సెల్‌ఫోన్ మీద. ఆ దారిలోనే ఈ ఆగిపోయిన ఆట కూడా ఇప్పుడు ఇక్కడి కుర్రవాళ్ళ చేతికి అందుతోంది కనుక, అది ఎందుకు ఆగిందో తెలుసుకోవడం దూరపు ముచ్చట కాదు.

మూలమైన ఆట 1996 మార్చి 22న జపాన్‌లో బయోహజార్డ్ అన్న పేరుతో సోనీ ప్లేస్టేషన్‌కు వచ్చింది. దర్శకుడు షింజి మికామి. అడవి మధ్య ఒక భవంతి, అందులో చిక్కుకున్న క్రిస్ రెడ్‌ఫీల్డ్, జిల్ వాలెంటైన్ అనే ఇద్దరు పోలీసు అధికారులు, చుట్టూ నడిచే శవాలు. కథ ఇంతే అయినా, భయం పుట్టించే పద్ధతి కొత్తది. ప్రతి గదినీ ముందుగానే కంప్యూటర్ మీద గీసిన నిశ్చల చిత్రంగా చూపిస్తారు. కెమెరా ఒక మూలన కదలకుండా ఉంటుంది. ఆ చిత్రం ముందు త్రిభుజాలతో అల్లిన పాత్రలు మాత్రం కదులుతాయి. మలుపు అవతల ఏముందో ఆడేవారికి కనిపించదు, అడుగుల చప్పుడు మాత్రం వినిపిస్తుంది. తూటాలు తక్కువ, ఆటను భద్రపరచుకోవాలంటే టైప్‌రైటరూ దానికి సిరా రిబ్బనూ కావాలి, ఆ రిబ్బన్లు కూడా కొద్దిగానే దొరుకుతాయి. కనిపించనిదీ సరిపోనిదీ కలిసి ఆ భయాన్ని నిలబెట్టాయి.

ఇప్పుడు రెండు యంత్రాలనూ పక్కపక్కన పెట్టి చూడవచ్చు. ప్లేస్టేషన్‌లో ఉన్నది 32 బిట్ల ప్రాసెసర్, దాని వేగం సుమారు 33.9 మెగాహెర్ట్జ్, ప్రధాన మెమరీ 2 మెగాబైట్లు, ఆట వచ్చే సీడీలో చోటు దాదాపు 650 మెగాబైట్లు. 1998 అక్టోబరు 21న జపాన్‌లో విడుదలైన గేమ్ బాయ్ కలర్‌లో ఉన్నది 8 బిట్ల ప్రాసెసర్, గరిష్ఠ వేగం సుమారు 8.4 మెగాహెర్ట్జ్, పని మెమరీ 32 కిలోబైట్లు, చిత్రాల కోసం మరో 16 కిలోబైట్లు, తెర మీద అడ్డంగా 160, నిలువుగా 144 చుక్కలు. ఆట సీడీలో కాక, మన వైపు క్యాసెట్టు అని పిలిచే చిప్పులో వస్తుంది. ఆ చిప్పులో అతి పెద్దది 8 మెగాబైట్లు, మామూలుగా వాడేవి అందులో సగమో పావో ఉంటాయి. ఈ అంకెలు చూసిన వెంటనే అసాధ్యమనిపిస్తుంది. కాని అంకెలను ఇంకొంచెం దగ్గరగా చూడాలి.

గేమ్ బాయ్ తెరను ఒక్కొక్క చుక్కగా కాక, ఎనిమిది వరుసలు ఎనిమిదేసి చుక్కలు పెట్టిన ముగ్గుల్లాంటి చిన్న పలకలుగా నింపుతారు. ఇంటి ముందు ఒకే ముగ్గును పదే పదే వేసినట్టు, ఒక పలకను ఎన్ని చోట్లయినా వాడుకోవచ్చు. ఆ యంత్రానికి రూపొందిన చాలా ఆటల పొదుపు రహస్యం అదే. తెర మొత్తానికి 20 నిలువు వరుసలు, 18 అడ్డ వరుసలు, అంటే 360 పలకలు. ఒక్కొక్క పలకకు 16 బైట్లు. రెసిడెంట్ ఈవిల్ గది చిత్రంలో ఏ రెండు పలకలూ ఒకటి కావు కనుక 360 పలకలనూ విడివిడిగా దాచాలి, దానికి 5,760 బైట్లు. ఏ పలక ఎక్కడ, ఏ రంగులతో అన్న వివరానికి మరో 720 బైట్లు. మొత్తం 6,480. కెమెరా కోణాలు ఐదు వందలున్నాయని అనుకున్నా, అన్నీ కలిపి 32 లక్షల పైచిలుకు బైట్లు అవుతాయి, కుదించి దాస్తే ఇంకా తగ్గుతాయి. పెద్ద క్యాసెట్టులో ఇది పడుతుంది. నేపథ్య చిత్రాలు పట్టకపోవడం వల్ల ఆట ఆగిందన్న వాదన ఈ లెక్క ముందు నిలవదు.

చిత్రం పట్టడం వేరు, చిత్రంలా కనిపించడం వేరు. ఆ యంత్రం 32,768 రంగులు చూపగలదు గాని, నేపథ్యానికి ఒకసారికి ఎనిమిది రంగుల పెట్టెలే ఇస్తుంది, ఒక్కో పెట్టెలో నాలుగు రంగులు. ఒక పలకలో ఒకే పెట్టె రంగులు వాడాలి. పాత చెక్క మెట్లు, రంగు వెలిసిన తివాచీ, మసక దీపం వెలుగు, గోడ మీద నీడ, ఇవన్నీ ఈ ముప్పై రెండు రంగుల్లో సర్దుకోవాలి. నీడ అనేది రంగుకూ రంగుకూ మధ్య ఉండే మెట్ల సంఖ్య మీద ఆధారపడుతుంది. మెట్లు తగ్గితే నీడ కాస్తా మరకలా కనిపిస్తుంది. భయం నీడలోనే ఉన్న ఆటకు ఇది చిన్న నష్టం కాదు.

అసలు ఇబ్బంది కదిలే బొమ్మల దగ్గర మొదలవుతుంది. నేపథ్యం మీద కదిలే ప్రతి ఆకారాన్నీ స్ప్రైట్లు అనే ముక్కలతో కూర్చాలి. ఒక్కో ముక్క వెడల్పు ఎనిమిది చుక్కలు. తెర మీద ఒకేసారి 40 ముక్కలకు మించి ఉండకూడదు. అంతకన్నా కఠినమైన నిబంధన ఇంకొకటి ఉంది, తెర మీది ఏ అడ్డగీత మీదా పది ముక్కలకు మించి కనిపించవు. మనిషి ఆకారం కొంచెం దగ్గరగా, 24 చుక్కల వెడల్పుతో కనిపించాలంటే ఒక గీత మీద మూడు ముక్కలు కావాలి. జిల్ ఒకతె, ఎదురుగా రెండు శవాలు, మొత్తం తొమ్మిది. మూడో శవం అదే ఎత్తులో వచ్చి నిలబడితే పన్నెండు. పదకొండు, పన్నెండో ముక్కలు తెర మీదికి రావు, ఎవరిదో ఒకరి శరీరంలో కొంత భాగం మాయమవుతుంది. ప్రోగ్రామర్లు దీనికి విరుగుడుగా ఒకసారి ఒకరినీ మరోసారి ఇంకొకరినీ చూపిస్తారు, అప్పుడు బొమ్మలు రెపరెపలాడతాయి. మూల ఆటలో ఇరుకు నడవలో ముగ్గురు ఒకేసారి మీదికి రావడమే గుండె ఝల్లుమనే ఘట్టం. ఈ యంత్రంలో సరిగ్గా ఆ ఘట్టం దగ్గరే బొమ్మ చెదిరిపోతుంది.

దానికి తోడు దూరం సమస్య. స్థిరమైన కెమెరా ముందు పాత్ర దగ్గరికి వస్తే పెద్దదిగా, దూరం పోతే చిన్నదిగా కనిపించాలి. ప్లేస్టేషన్‌లో పాత్ర త్రిభుజాల అల్లిక కనుక ఆ పని యంత్రమే చేస్తుంది. గేమ్ బాయ్ కలర్‌లో బొమ్మను పెంచి తగ్గించే ఏర్పాటు లేదు. ప్రతి పరిమాణాన్నీ ముందే గీసి దాచుకోవాలి, లేదంటే ఆ నెమ్మది ప్రాసెసర్ చేతనే లెక్క కట్టించాలి. ఉదాహరణకు ఎనిమిది దిక్కులు, నాలుగు పరిమాణాలు, నడకకు ఆరు భంగిమలు అనుకుంటే, ఒక్క పాత్ర ఒక్క నడకకే 192 బొమ్మలు. గురిపెట్టడం, కాల్చడం, కాటుకు గురికావడం, కుప్పకూలడం, ఇద్దరు నాయకులు, రకరకాల శత్రువులు, ఇలా ఒక్కొక్కటి కలిసేకొద్దీ ఆ సంఖ్య ఎలా పెరుగుతుందో వేరే చెప్పనక్కరలేదు. క్యాసెట్టులో నేపథ్యాలకు పోగా మిగిలిన చోటు కోసం వీటి మధ్య పోటీ మొదలవుతుంది.

అయినా ఇవన్నీ ఓర్పుతో, నేర్పుతో దాటగల అడ్డంకులే. హాట్‌జెన్ పనివారు స్థిర కెమెరాలను, గదుల చిత్రాలను, దూరాన్నిబట్టి పరిమాణం మారే పాత్రలను అంత చిన్న తెర మీద కదిలించి చూపారు. ఆ పనితనాన్ని తక్కువ చేయడం అన్యాయం. తెర మీది కష్టం కన్నా పెద్ద కష్టం, ఆటను చేత పట్టుకున్న మనిషి ఉన్న చోటులో ఉంది, దాన్ని గురించిన చర్చ తక్కువగా జరిగింది.

ప్లేస్టేషన్ ఆటను రాత్రిపూట, దీపం ఆర్పి, టీవీ ముందు గంటల తరబడి కూర్చుని ఆడతారు. గేమ్ బాయ్ కలర్ తెరకు వెనుక వెలుగు లేదు. ఎండలోనో ట్యూబ్‌లైటు కిందో పట్టుకుంటేనే బొమ్మ కనిపిస్తుంది. శ్రీకాకుళం వైపు రాత్రి కరెంటు పోయినప్పుడు దయ్యాల కథలు చెప్పుకునే అలవాటు ఉన్న ఇంట్లో, ఆ చీకట్లోనే ఈ ఆట బాగా రక్తికట్టాలి. కాని చీకటిని చూపవలసిన ఆ యంత్రం చీకట్లో ఏమీ చూపదు. నలుపు ఎక్కువగా వాడిన గది చిత్రం వెలుతురులో పట్టుకున్నా తెర మీద మసకబారుతుంది, అది కనిపించాలని రంగులు పెంచితే భవంతి పగటి పూట ఇల్లులా మారుతుంది. ఆ వైరుధ్యాన్ని ఏ ప్రోగ్రామరూ తీర్చలేడు.

సమయం సంగతి కూడా అంతే. చేతి ఆటను శ్రీకాకుళం కాంప్లెక్సులో బస్సెక్కి విజయనగరంలో దిగేలోగా ఆడుకోవాలి, మధ్యలో టికెట్టు కోసం కండక్టరు వస్తాడు, రణస్థలంలోనో చిలకపాలెంలోనో పక్క సీటులోకి తెలిసినవారు వచ్చి కూర్చుంటారు. ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆపి, మళ్ళీ అక్కడినుంచే మొదలుపెట్టే వీలు చేతి ఆటకు ప్రాణం. రెసిడెంట్ ఈవిల్‌లోని టైప్‌రైటర్ నియమం సరిగ్గా ఆ వీలును తీసేయడానికే పెట్టింది. నియమాన్ని ఉంచితే బస్సులో ఆట సాగదు, తీసేస్తే తలుపు తెరవాలా వద్దా అన్న జంకు పోతుంది. తలుపుల సంగతీ గమనించదగినది. మూల ఆటలో గది మారినప్పుడల్లా చీకట్లో ఒక తలుపు మెల్లగా తెరుచుకోవడం కనిపిస్తుంది, సీడీ నుంచి తర్వాతి గది వివరాలు చదవడానికి పట్టే వ్యవధిని కప్పిపుచ్చడానికి పుట్టిన ఉపాయం అది. క్యాసెట్టులో చదివే ఆలస్యం లేదు కనుక తలుపు అవసరం లేదు. కాని ఆడేవారు ఊపిరి బిగబట్టేది ఆ తలుపు దగ్గరే. సాంకేతిక అవసరం కోసం పుట్టినది రసానికి ఆధారమైపోయినప్పుడు, దాన్ని కొత్త యంత్రానికి మోసుకుపోవాలో వద్దో నిర్ణయించడానికి కొలతలు పనికిరావు.

బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో వీణలు చేసే కుటుంబాలు రెండు రకాల వీణలు చేస్తాయి. ఒకే పనస మానును తొలిచి చేసే పెద్ద వీణ కచేరీకి పనికివస్తుంది. బహుమతిగా ఇవ్వడానికి చేసే చిన్న వీణకు కుండ, దండి, మెట్లు, యాళి ముఖం అన్నీ ఉంటాయి, నగిషీ కూడా ముచ్చటగా ఉంటుంది, కాని అది అద్దాల పెట్టెలో చూసుకోవడానికే. పెద్ద వీణ కొలతలన్నిటినీ ఒకే పాళ్ళలో తగ్గిస్తే నాదం కూడా అదే పాళ్ళలో తగ్గి మిగలదు, అసలు లేకుండా పోతుంది. చిన్నదై కూడా పలకాలంటే దాన్ని వేరే వాద్యంగా ఊహించి, వేరే కొలతలతో చేయాలి. గేమ్ బాయ్ కలర్ రెసిడెంట్ ఈవిల్ విషయంలో అడిగినది అద్దాల పెట్టెలోని చిన్న వీణను, ఆశించినది పలికే వాద్యం నాదాన్ని. మూలంలో ఉన్న గదులు, మూలంలో ఉన్న కోణాలు, మూలంలో ఉన్న నియమాలు చిన్న తెరలోకి దించమన్న కోరిక దగ్గరే ఆట ఓటమి మొదలైంది.

అలా కోరడానికి క్యాప్‌కామ్‌కు కారణాలు లేకపోలేదు. ఆ కాలమంతా పెద్ద ఆటను చిన్న చోట పట్టించడమే ఘనకార్యంగా నడిచింది. 1998లో టైగర్ సంస్థ రంగులు లేని తన చేతి యంత్రం గేమ్ డాట్ కామ్‌కు రెసిడెంట్ ఈవిల్ 2ను తెచ్చింది. 1999లో ఏంజెల్ స్టూడియోస్ అదే రెసిడెంట్ ఈవిల్ 2ను, రెండు సీడీల సరుకును, నింటెండో 64 కోసం 64 మెగాబైట్ల ఒక్క క్యాసెట్టులోకి కుదించింది, అది నేటికీ ప్రోగ్రామర్లు మెచ్చుకునే పని. ఆ ఏడాదే గేమ్ బాయ్ కలర్ రూపం కూడా సాధ్యమేనని నమ్మడంలో వింత లేదు. తేడా ఏమిటంటే, నింటెండో 64 కూడా టీవీకి తగిలించే యంత్రమే. అక్కడ కుదించవలసింది సరుకును మాత్రమే, ఆడేవారు కూర్చునే చోటును కాదు.

ఇక నిలిపివేసిన సమయం. 1999 సెప్టెంబరులో రెసిడెంట్ ఈవిల్ వరుసలో మూడో ఆట వచ్చింది. 2000 ఫిబ్రవరిలో డ్రీమ్‌కాస్ట్ యంత్రానికి అదే వరుసలోని కోడ్ వెరోనికా వచ్చింది, అందులో నిశ్చల చిత్రాలు పోయి గదులన్నీ త్రిమితీయంగా మారాయి. 2000 మార్చి 4న జపాన్‌లో ప్లేస్టేషన్ 2 అమ్మకాలు మొదలయ్యాయి. రెసిడెంట్ ఈవిల్ పేరుతో వచ్చే ఆటలు చూడటానికి ఎలా ఉండాలన్న అంచనా నెలనెలకూ పెరుగుతున్న కాలంలో, రెపరెపలాడే బొమ్మల ఆట మీద అదే పేరు వేయడానికి సంస్థ వెనుకాడింది. ఆ భయం అర్థం చేసుకోదగినదే.

డబ్బు లెక్క కూడా నిలిపివేత వైపే మొగ్గింది. సీడీని ముద్రించడం చవక, కావలసినప్పుడు మళ్ళీ ముద్రించుకోవచ్చు. క్యాసెట్టు అలా కాదు. గేమ్ బాయ్ ఆట విడుదల చేయాలంటే ప్రచురణ సంస్థ ఎన్ని క్యాసెట్లు కావాలో ముందే చెప్పి, నింటెండోకు ముందే డబ్బు కట్టి చేయించుకోవాలి. చిప్పు పెద్దదైనకొద్దీ ఒక్కో క్యాసెట్టు ఖర్చు పెరుగుతుంది, ఈ ఆటకు కావలసింది పెద్ద చిప్పే. స్టూడియోకు ఇచ్చిన సొమ్ము ఎలాగూ తిరిగి రాదు. క్యాసెట్ల ఆర్డరు పెట్టకముందు ఆగితే పోయేది ఆ సొమ్ము వరకే, ఆర్డరు పెట్టాక అమ్ముడుపోకపోతే పోయేది అంతకు మించి. పని చివరికి వచ్చిన ఆటలు కూడా ఆగిపోవడం బయటివారికి వింతగా తోస్తుంది గాని, క్యాసెట్ల వ్యాపారంలో చివరి నిర్ణయం తీసుకునే సమయమే అది.

ఆ ఆట దాదాపు పూర్తయిందనీ, తొంభై శాతం అయిపోయిందనీ అభిమానులు చెప్పుకుంటారు. ఈ శాతాలను జాగ్రత్తగా చూడాలి. స్లాబు పడగానే ఇల్లు అయిపోయినట్టు దారినపోయేవారికి కనిపిస్తుంది. గోడల పూత, వైరింగు, నేల, తలుపులు, నీళ్ళ గొట్టాలు, వీటికి పట్టే కాలం ఇల్లు కట్టించినవారికే తెలుసు. ఆటలో కూడా గదులన్నీ గీయడం స్లాబు వంటిది. శత్రువుల బలం, తూటాల లెక్క, ఎక్కడా చిక్కుకుపోకుండా చివరిదాకా ఆడగలగడం, తప్పులు ఏరివేయడం, ఇవన్నీ ఆ తర్వాతి పనులు. భయపెట్టే ఆటలో అసలు ఆట ఉండేది ఆ తర్వాతి పనుల్లోనే.

క్యాప్‌కామ్ ఆ యంత్రాన్ని వదిలేయలేదు. 2001 డిసెంబరులో ఐరోపాలో రెసిడెంట్ ఈవిల్ గైడెన్ విడుదలైంది, చేసినది ఎమ్4 అనే మరో బ్రిటిష్ స్టూడియో. స్టార్‌లైట్ అనే ఓడలో నడిచే కొత్త కథ అది. నడకను పై నుంచి చూసినట్టు చూపారు. శత్రువు దగ్గరికి రాగానే తెర మారి, ఎదురుగా పెద్ద శవం, కింద ఒక పట్టీ మీద అటూ ఇటూ కదిలే గుర్తు, అది సరిగ్గా మధ్యకు వచ్చినప్పుడు మీట నొక్కాలి. పోరాటాన్ని వేరే తెరకు మార్చడంతో స్ప్రైట్ల ఇరుకు తప్పింది, రెండు మీటలతో గురి చూసే చిక్కూ తప్పింది. అదే ఏడాది ఇన్ఫోగ్రామ్స్ విడుదల చేసిన అలోన్ ఇన్ ది డార్క్ గేమ్ బాయ్ కలర్ రూపం కూడా గదుల చిత్రాలను ఉంచుకుని, పోరాటాన్ని మాత్రం వేరు చేసింది. రెండు వేరు వేరు స్టూడియోలు ఒకే చోట మూలాన్ని వదులుకోవడం యాదృచ్ఛికం కాదు, ఆ యంత్రంలో తెగే తాడు అక్కడే ఉంది. గైడెన్ గొప్ప ఆట అనలేం. పైగా 2001 మార్చిలోనే జపాన్‌లో గేమ్ బాయ్ అడ్వాన్స్ వచ్చేయడంతో పాత యంత్రం మీద ఆసక్తి తగ్గాక అది బయటికి వచ్చింది. అయినా ఒక విషయంలో అది సరైన దారి పట్టింది, చిన్న వాద్యానికి చిన్న వాద్యం కొలతలే వేసుకుంది.

మొదటి ఆట చేతి యంత్రానికి రావడం 2006 జనవరిలో జరిగింది. నింటెండో డీఎస్ కోసం వచ్చిన డెడ్లీ సైలెన్స్ అది. త్రిభుజాలను స్వయంగా గీయగల యంత్రం, రెండు తెరలు, వెనుక వెలుగు ఉండటంతో హాట్‌జెన్‌ను వేధించిన ఇబ్బందులు చాలావరకు అడ్డురాలేదు. అందులో కూడా మూలాన్ని ఉన్నదున్నట్టు ఆడే పద్ధతి ఒకటి, స్పర్శ తెర మీద పుల్లతో గీసి కత్తి ఝళిపించే ఘట్టాలు కలిపిన కొత్త పద్ధతి మరొకటి, రెండూ విడివిడిగా పెట్టారు.

ఆగిపోయిన ఆట మాత్రం పన్నెండేళ్ళు కనిపించలేదు. 2012 మొదట్లో, దాని నమూనా క్యాసెట్టు తన దగ్గరుందని పేరు చెప్పని వ్యక్తి ఒకరు ప్రకటించి, 2,000 డాలర్లు ముట్టచెబితే అందరికీ ఇస్తానన్నారు. అభిమానులు చందాలు వేసుకుని ఆ మొత్తం కూర్చారు, ఫిబ్రవరిలో అసంపూర్ణ ఆట ఫైళ్ళు బయటికి వచ్చాయి. విజయనగరం పాఠకులకు అసంపూర్ణ రచన విలువ కొత్తగా చెప్పవలసిన పని లేదు. గురజాడ పూర్తి చేయని కొండుభట్టీయం, బిల్హణీయం నాటకాలను ఉన్నంతవరకే అచ్చువేసి, ఉన్నంతవరకే చదివి, ఆయన రచనా పద్ధతిని వాటిలోనూ వెతుక్కున్నారు. కాగితం మీది రాతను దాచడానికి పెట్టె చాలు, చదవడానికి కళ్ళు చాలు. ఆటకు యంత్రం కావాలి, ఆ యంత్రంలో పెట్టే చిప్పు కావాలి, చిప్పులోని సమాచారం చెరిగిపోకముందే దాన్ని బయటికి తీసే మనిషి కావాలి. దాని మీద హక్కున్న సంస్థ తలచుకుంటే ఈ పని ఎవరికీ డబ్బు ముట్టచెప్పకుండా జరిగేది. ఆట అమ్మడానికి తగదని నిర్ణయించే హక్కు సంస్థకు ఉంది. నేర్చుకోదలచినవారికి కూడా అందకుండా ఉంచడం వేరే సంగతి, అందులో న్యాయం కనిపించదు.

ఆ ఫైలు ఇప్పుడు ఏ ఫోనులోనైనా తెరుచుకుంటుంది. హాలులో మెట్లు, చిన్న జిల్, ఆమె దూరం నడిచేకొద్దీ చిక్కిపోయే ఆకారం, చిన్న పలకల్లో ఇరికించిన తివాచీ గీతలు కనిపిస్తాయి. ఫోను తెరకు వెనుక వెలుగుంది కనుక, హాట్‌జెన్ గీసిన చీకటి నడవాలు అసలు యంత్రం మీద ఎన్నడూ కనిపించనంత స్పష్టంగా, దీపం ఆర్పిన గదిలో కూడా కనిపిస్తాయి.